ఉచిత ఆటకు దుకాణం ధర పెడితే కొంటారా?

పాలమూరు పల్లెల్లో కిన్నెర పాటకు ముందు టికెట్ ఉండేది కాదు. విన్నాక మనసైనవాళ్లు గింజలో డబ్బులో ఇచ్చేవాళ్లు. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే పాటకు ముందుగానే ధర చెప్పి, కట్టినవాళ్లకే వినిపిస్తామంటే ఆ శ్రోతలు ఏం చేసేవాళ్లు? కంప్యూటర్ ఆటల్లో, ముందుగా సాహస ఆటల్లో, ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి కొన్ని గట్టి ఉదాహరణలున్నాయి.

సాహస ఆట అంటే తుపాకులు పేల్చే ఆట కాదు. కథలో నడవాలి, దొరికిన వస్తువులు దాచుకోవాలి, ఎదురైనవాళ్లతో మాట్లాడాలి, చిక్కుముడులు విప్పాలి. సియెర్రా కంపెనీకి రోబర్టా విలియమ్స్ రూపొందించిన ‘కింగ్స్ క్వెస్ట్’ 1984లో ఈ తరహాకు పేరు తెచ్చింది. తొంభైల చివరికి పెద్ద కంపెనీలు ఇలాంటివి చేయడం తగ్గించాయి. ఆటల మీద ప్రేమ ఉన్నవాళ్లు మాత్రం ఆగలేదు. క్రిస్ జోన్స్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ తయారుచేసిన ‘అడ్వెంచర్ గేమ్ స్టూడియో’ అనే ఉచిత పనిముట్టుతో ఇంట్లో కూర్చునే ఆటలు కట్టారు.

వాళ్లలో ఏజీడీ ఇంటరాక్టివ్ బృందం కథ చాలా విషయాలు చెబుతుంది. కింగ్స్ క్వెస్ట్ మొదటి ఆటను 2001లో, రెండోదాన్ని 2002లో కొత్త బొమ్మలతో, మాటలతో మళ్లీ చేసి ఉచితంగా ఇచ్చారు. రెండో ఆటలోనైతే కథనే విస్తరించారు. ఆడినవాళ్లు ఇది కొనదగ్గ ఆట అని మెచ్చుకున్నారు. కానీ అమ్మే హక్కు వాళ్లకు లేదు. పాత్రలు, పేర్లు కంపెనీవి. ఉచితంగా ఇస్తామన్న షరతు మీదే అనుమతి దొరికింది. అదే కథాలోకంలో ‘ది సిల్వర్ లైనింగ్’ చేసిన మరో బృందాన్ని అప్పటికి ఆ హక్కులు చేతిలో ఉన్న యాక్టివిజన్ 2010 ఫిబ్రవరిలో ఆపేయమంది. తర్వాత మనసు మార్చుకుని ఒప్పుకుంటే, జులైలో మొదటి భాగం వచ్చింది, అదీ ఉచితంగానే.

కాబట్టి ఆటగాళ్లు డబ్బు ఇస్తారా అన్న ప్రశ్న కంటే ముందు, అడిగే హక్కు ఎవరిదన్న ప్రశ్న ఉంది. చాలామంది చర్చ ఇక్కడికి రాకుండానే ముగిస్తారు.

హక్కు దొరికితే? ‘హాఫ్ లైఫ్’ అభిమానులు దాన్ని మళ్లీ నిర్మించి ‘బ్లాక్ మెసా’గా 2012లో ఉచితంగా ఇచ్చారు. ఇది తుపాకీ ఆటే గానీ సంగతి అదే. మూల కంపెనీ వాల్వ్ అనుమతితో 2015లో అమ్మకానికి పెట్టారు. ధర సుమారు 20 డాలర్లు. జనం కొన్నారు. 2020లో ఆట పూర్తయింది. పాత ఉచిత ప్రతిని లాక్కోకపోవడం, ఉచితంలో లేని భాగాలు చేర్చడం నా లెక్కలో రెండు పెద్ద కారణాలు.

2015 ఏప్రిల్‌లో ‘స్కైరిమ్’ ఆటకు అభిమానులు చేసిన చేర్పులకు వెలకట్టే ఏర్పాటు మాత్రం కొన్ని రోజుల్లోనే కుప్పకూలింది. చేసినవాళ్లకు దక్కేది 25 శాతమే. నిన్నటిదాకా ఉచితంగా పంచుకున్న చోట హఠాత్తుగా ధర కనిపించేసరికి ఆటగాళ్లు మండిపడ్డారు. ఈ అమ్మకం నడిపిన వాల్వ్ వెనక్కి తగ్గి డబ్బు తిరిగిచ్చింది.

ఇంకో సంగతి ఉంది. ఉచిత ఆటలో తప్పులుంటే మనం ఓర్చుకుంటాం. దుకాణం ధర పెట్టి కొన్నామంటే అడుగుతాం: ఇది ఎందుకు ఆగిపోతోంది, ఆ గొంతు ఎందుకు బాలేదు? ధరతో పాటు అడిగే హక్కు కూడా వస్తుంది. మెచ్చుకున్నంత ధర కట్టకపోవడానికి ఇదీ కారణమే, పిసినారితనం ఒక్కటే కాదు.

మనవాళ్లు ఆటకు పైసా పెట్టరన్న మాట కూడా నిలవదు. ఫోన్‌లో ఆడే బీజీఎంఐ ఉచితమే. అయినా అందులో పాత్రలకు తొడిగే దుస్తుల కోసం నల్లగొండ కుర్రాళ్లు కూడా ఫోన్‌లో డబ్బు కడతారు. ఆట మీద అభిమానం, కట్టడం సులువు కావడం, తట్టుకోగల మొత్తం, ఈ మూడూ కలిస్తే చెయ్యి జేబులోకి పోతుంది. డాలర్ ధరను రూపాయల్లోకి మార్చి అదే మొత్తం అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు.

ఏజీడీ బృందంలోని ముఖ్యులే హిమాలయా స్టూడియోస్ పెట్టి, 2006లో సొంత కథతో ‘అల్ ఎమ్మో’ను అమ్మారు. ‘మేజెస్ ఇనిషియేషన్’ కోసం 2013లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో అడిగితే అభిమానులు ఆట చూడకముందే డబ్బు ఇచ్చారు. ఆట 2019లో వచ్చింది. ఉచితంగా సంపాదించుకున్న నమ్మకం సొంత ఆటకు పెట్టుబడి అయింది.

నా తీర్పు ఇది: నిన్నటి ఉచిత ఆటనే ఉన్నదున్నట్టు దుకాణం ధరకు పెడితే కొనేవాళ్లు కొద్దిమందే. అదే చేతులు సొంత కథతో, న్యాయమైన ధరతో వస్తే కొంటారు. ఉచిత ఆట ఏదైనా మీకు నచ్చితే, చేసినవాళ్ల పేరు గుర్తుపెట్టుకోండి. వాళ్లు తర్వాత అమ్మే ఆటకు పూర్తి ధర కట్టండి.