మీకు తెలుసా? తూటా వేగం చెప్పిన లోలకం

ఎలక్ట్రానిక్ పరికరాలు లేని రోజుల్లో, కంటికి కనిపించని తూటా వేగాన్ని ఎలా కొలిచారు?

• ఇంగ్లండ్ గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ బరువైన లోలకాన్ని వేలాడదీసి, దాని చెక్క దిమ్మెలోకి తూటా పేల్చాడు. తూటా దిగబడగానే లోలకం వెనక్కి ఊగింది. అది ఎంత ఎత్తుకు ఊగిందో, రెండింటి బరువు ఎంతో తెలిస్తే చాలు, ద్రవ్యవేగ నిత్యత్వ నియమంతో తూటా వేగం తేలిపోతుంది.

• ఈ పద్ధతిని ఆయన 1742లో పుస్తకంగా ప్రచురించాడు. ఆనాటి మస్కెట్ తుపాకీ తూటా ధ్వని కన్నా వేగంగా దూసుకుపోతుందని, దానిపై గాలి నిరోధం అప్పటివారు అనుకున్నదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని నిరూపించాడు.

• 1745లో మహాగణితవేత్త ఆయిలర్ ఆ పుస్తకాన్ని వ్యాఖ్యతో సహా జర్మన్‌లోకి అనువదించాడు.

• నేటి షూటర్లు తూటా వేగం కొలవడానికి క్రోనోగ్రాఫ్, డాప్లర్ రాడార్ వాడుతున్నారు. వెయ్యి మీటర్ల గురికి తూటా వేగంలో కొద్ది తేడా వచ్చినా, అది తగిలే చోటు పైకో కిందికో జరుగుతుంది.

• తూటాల గమనాన్ని లెక్కించే శాస్త్రానికి పునాది వేసిన రాబిన్స్ 1751లో మన దేశంలోనే, కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.