తీగ నుంచి అంకె దాకా

వీణ మీటితే గదంతా వినిపిస్తుంది. దాని కుండ, తీగ ప్రకంపనాలను అందుకొని గాలిని కదిలిస్తుంది. విద్యుత్ గిటార్లలో చాలావాటికి అలాంటి బోలు కుండ ఉండదు. ఒళ్ళంతా గట్టి చెక్కే. దేనికీ కలపకుండా మీటితే పక్కనున్నవారికి మాత్రమే వినిపిస్తుంది.

అలాంటి గిటార్‌ను ఇంట్లో కంప్యూటర్‌కు కలిపి రికార్డు చేసిన చాలామంది మొదటిసారి నిరాశపడతారు. శబ్దం దుప్పటి కప్పినట్టు మొద్దుగా ఉంటుంది. లేదా ఈగలు ముసిరినట్టు జుమ్మంటుంది. దీనికి కంప్యూటర్‌ను తప్పుపట్టనక్కరలేదు. చాలాసార్లు ధ్వని అంకెలుగా మారకముందే, దారిలోనే పాడవుతుంది. ఆ దారి ఎలాంటిదో చూద్దామా?

పికప్ ఏం చేస్తుంది?

గిటార్ తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక వంటి సన్నని రాగితీగతో వేలకొద్దీ చుట్లు ఉంటాయి. పైనున్న ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పు తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు, ఉక్కు తీగ కదలికను మాత్రమే గమనిస్తుంది. నైలాన్ తీగ వేసి చూడండి, అది మూగబోతుంది!

ఏ సాకెట్టులో పెట్టాలి?

గిటార్ లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. దానితోపాటే 164, 246, 328 ఇలా దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుండే అనుస్వరాలు కూడా పుడతాయి. గిటార్ గొంతుకు మెరుపు తెచ్చేవి ఇవే.

అయితే తీగచుట్టకు ఒక స్వభావం ఉంది. విద్యుత్తు ఎంత వేగంగా మారుతుంటే, ఆ మార్పును అది అంతగా అడ్డుకుంటుంది. మనం కలిపిన సాకెట్టు ఎక్కువ విద్యుత్తును లాగితే, పై అనుస్వరాలు తీగచుట్టలోనే నష్టపోతాయి. చెలమలో నీటిని చిప్పతో మెల్లగా తోడుకుంటే తేటగా వస్తాయి. బకెట్టు ముంచితే బురద లేస్తుంది. ఇదీ అలాంటిదే.

మైకుల కోసం చేసిన సాకెట్టు నిరోధం సాధారణంగా కొన్ని వేల ఓమ్‌లే. గిటార్‌కు కావలసింది సుమారు 10 లక్షల ఓమ్‌లు. అందుకే గిటార్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె వాడతారు. దాని మీద ‘ఇన్‌స్ట్రుమెంట్’ అనో, గిటార్ బొమ్మతోనో గుర్తు ఉన్న సాకెట్టును ఎంచుకోండి. మొద్దుగా రికార్డయిన ధ్వనిలో తర్వాత పై స్వరాలను పెంచితే, వాటితోపాటు ‘స్‌స్’ మనే రొద కూడా పెరుగుతుంది.

ఒక హెచ్చరిక: ఆంప్లిఫయర్‌లో స్పీకరుకు వెళ్ళే తీగను ఎన్నడూ కంప్యూటర్‌కు గాని, ఈ పెట్టెకు గాని కలపకండి. ఆ విద్యుత్తు చాలా బలమైనది. పరికరం కాలిపోవచ్చు.

గ్లాసు పొంగితే?

ఇంటర్‌ఫేస్ ఆ విద్యుత్తును సెకనుకు 44,100 సార్లు, లేదా అంతకంటే ఎక్కువసార్లు, కొలిచి అంకెలుగా రాస్తుంది. అన్నిసార్లు ఎందుకు? మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల వరకు వింటుంది. దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తేనే ఆ స్వరాలన్నీ సరిగా దక్కుతాయి.

ఈ కొలతకు ఒక గరిష్ఠ హద్దు ఉంది. తెరమీద అది 0 డెసిబెల్‌గా కనిపిస్తుంది. తరంగం దాన్ని దాటితే శిఖరం తెగి చదునవుతుంది. నిండిన గ్లాసులో పోసిన నీళ్ళలా పైభాగం పోయినట్టే. శబ్దం పగిలి వినిపిస్తుంది. కాబట్టి మీరు అన్నిటికంటే గట్టిగా మీటి చూసి, అప్పుడు కూడా సూచిక మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్‌ల మధ్య ఉండేలా మీట తిప్పండి. ‘కొంచెం తక్కువగా ఉందే’ అని భయం వద్దు. 24 బిట్ల రికార్డింగులో 1,67,77,216 మెట్లు ఉంటాయి. తర్వాత పెంచుకోవచ్చు.

ఈగల మోత ఎక్కడిది?

గిటార్ స్పీకరు ఒక జల్లెడ లాంటిది. సుమారు 5,000 హెర్ట్జ్‌లు దాటిన స్వరాలను అది చాలావరకు ఆపేస్తుంది. గరగరలాడే రాక్ సంగీతపు ధ్వనిలో అలాంటి స్వరాలు ఎక్కువ. స్పీకరు లేకుండా నేరుగా రికార్డు చేస్తే అవన్నీ చెవిలో పడతాయి. మోత అదే! స్పీకరు ముందు మైకు పెట్టి రికార్డు చేయడం ఒక ఉపాయం. స్పీకరు ప్రభావాన్ని లెక్కగట్టే ప్రోగ్రామును కంప్యూటర్‌లో వాడడం రెండోది.

ఇక ‘హుం’ మనే శబ్దం సంగతి. మన ఇళ్ళలోని విద్యుత్తు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుంటూ తిరిగివస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వెలువడే ఆ అయస్కాంత క్షేత్రాన్నీ పికప్ పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్ సంస్థ ఇంజనీరు సెత్ లవర్ దీనికి విరుగుడుగా ‘హంబకర్’కు పేటెంటు కోరాడు. అందులో రెండు తీగచుట్టలు. వాటి చుట్లూ అయస్కాంత ధ్రువాలూ ఒకదానికొకటి వ్యతిరేకం. బయటి రొద ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. తీగల స్వరాలు మాత్రం కలిసి పెరుగుతాయి.

మీరే చేసి చూడండి

ఒకే చుట్ట పికప్ ఉన్న గిటార్ దొరికితే, తీగలను అరచేత్తో మూసి, కుర్చీలో కూర్చొని రికార్డు చేస్తూ మెల్లగా ఒక చుట్టు తిరగండి. ‘హుం’ ఏ దిశలో పెరిగింది, ఏ దిశలో తగ్గింది? తర్వాత ఫోన్ చార్జరును దగ్గరికీ దూరానికీ జరిపి వినండి. రొద బాగా తగ్గిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. ఈసారి పాట అక్కడ కూర్చొని వాయించండి.