సమాచార వ్యాస నిర్మాణం - సూచక పదాలు

సమాచారాన్ని తెలియజేసే వ్యాసంలో విషయాలు ఏ పద్ధతిలో అమర్చబడినవో పాఠకునికి తెలిపే పదాలను '''సూచక పదాలు''' అంటారు. "ముందుగా", "అందువలన", "అయితే", "ఉదాహరణకు" మొదలైనవి ఇటువంటివి. అమెరికా పరిశోధకురాలు బోనీ మేయర్ 1975లో ప్రచురించిన గ్రంథం ఈ అధ్యయనానికి ముఖ్యమైన ఆధారము. వ్యాస నిర్మాణాన్ని గుర్తించినవారికి విషయాన్ని అర్థం చేసుకొనడం, గుర్తుంచుకొనడం సులభమవుతుంది.

== నిర్మాణ రకాలు ==
సాధారణంగా ఐదు రకాలను పేర్కొంటారు. విశాఖపట్నం గురించిన వాక్యాలు ఇక్కడ ఉదాహరణలుగా ఇవ్వబడినవి.

* '''వర్ణన''' - "ఉదాహరణకు", "వీటిలో", "అనగా". ''విశాఖ రేవుకు సహజ రక్షణలు ఉన్నవి. వీటిలో ముఖ్యమైనది డాల్ఫిన్స్ నోస్ కొండ.''
* '''క్రమం''' - "ముందుగా", "అనంతరం", "చివరగా". ''ఉక్కు కర్మాగారంలో ముందుగా బొగ్గును కోక్‌గా మార్చుతారు. అనంతరం బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజాన్ని కరిగించి ద్రవ ఇనుమును తీస్తారు. దానిని ఉక్కుగా మార్చి, చివరగా రోలింగ్ మిల్లులలో కడ్డీలుగా, తీగలుగా సాగదీస్తారు.''
* '''పోలిక - భేదం''' - "కంటే", "అయితే", "కాగా". ''లోపలి రేవు చుట్టూ భూమి ఉన్నది. కాగా వెలుపలి రేవును అలల నుండి కాపాడేది రాతికట్టలు.''
* '''కారణం - ఫలితం''' - "వలన", "అందుచేత", "ఫలితంగా". ''ఖనిజాన్ని ఎగుమతి చేసే పెద్ద ఓడలు లోపలి రేవులోకి రాలేకపోవడం వలన వెలుపలి రేవును నిర్మించారు. ఇది 1976లో పని ప్రారంభించినది.''
* '''సమస్య - పరిష్కారం''' - "ఇబ్బంది", "నివారించుటకు", "ఇందుకుగాను". ''తీరం వెంట కదిలే ఇసుక రేవు ముఖద్వారం వద్ద పేరుకొనేది. దీనిని నివారించుటకు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా ఏర్పరచారు.''

ఒక వ్యాసంలో ఒకే నిర్మాణం ఉండవలెనని నియమం లేదు. రేవు చరిత్ర క్రమంలో సాగుతూ, మధ్యలో ఒక సమస్యను, దాని పరిష్కారాన్ని చెప్పవచ్చును.

== తెలుగులో ప్రత్యేకత ==
తెలుగులో సూచన ఎల్లప్పుడూ విడిపదంగా ఉండదు. చాలాసార్లు అది క్రియ చివర చేరి ఉంటుంది. "కరిగించి" అన్నప్పుడు క్రమము, "రాకపోతే" అన్నప్పుడు షరతు, "వచ్చినా" అన్నప్పుడు వ్యతిరేకత తెలుస్తున్నవి. కాబట్టి పదాల పట్టికను కంఠస్థం చేసినంత మాత్రాన చాలదు.

ఒకే ప్రత్యయం వేర్వేరు పనులు కూడా చేస్తుంది. "కోక్‌తో పాటు సున్నపురాయిని వేస్తారు" అన్నచోట "తో" సహార్థాన్ని తెలుపుతున్నది. "2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదించడంతో కార్మికులు ఆందోళనకు దిగారు" అన్నచోట అదే "తో" కారణాన్ని తెలుపుతున్నది.

== "తరువాత", "వలన" ==
విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఈ రెండింటి మధ్యనే. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" ఉద్యమం 1966లో ఉధృతంగా సాగినది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరా గాంధీ విశాఖలో ఉక్కు కర్మాగారం నెలకొల్పుతామని పార్లమెంటులో ప్రకటించారు.

"ఉద్యమం తరువాత ప్రకటన వెలువడినది" అనే వాక్యం కాలక్రమాన్ని మాత్రమే చెబుతుంది. "ఉద్యమం వలన ప్రకటన వెలువడినది" అనే వాక్యం చరిత్రపై ఒక తీర్పు. దానికి ఆధారం చూపవలెను. ఈ తీర్పు సరైనదే కావచ్చును. అయితే నిపుణుల సిఫారసు వంటి ఇతర కారణాలను, నడుమనున్న నాలుగేళ్ళ పరిణామాలను కూడా రచయిత వివరించవలెను. మొదటి వాక్యాన్ని చదివి రెండవదిగా గ్రహించిన పాఠకుడు, రచయిత చెప్పని మాటను విన్నవాడవుతాడు.

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాదు. "కాకతాళీయం" అనే మాట ఇందుండియే వచ్చినది.

== గుర్తించే విధానం ==
# శీర్షికను, ప్రతి పేరా మొదటి వాక్యాన్ని చదవవలెను.
# సూచక పదాల క్రింద, క్రియల చివరి ప్రత్యయాల క్రింద గీత గీయవలెను.
# "తరువాత" ఉన్నచోట "అందువలన" అని ఉంచి చూడవలెను. ఆ అర్థానికి వ్యాసంలో ఆధారం లేనిచో అది క్రమం మాత్రమే.
# సూచక పదమే లేనిచో, రెండు వాక్యాల నడుమ ఏ పదం ఇముడునో ఆలోచించవలెను.
# చివరకు సారాంశాన్ని అదే నిర్మాణంలో సొంత మాటలలో వ్రాయవలెను.

పాఠ్యపుస్తకాలకే కాక వార్తాపత్రికలకు, ప్రభుత్వ ప్రకటనలకు కూడా ఈ పద్ధతి వర్తిస్తుంది.