పడి లేచే సరదా... గుల్మార్గ్!

ఎర్ర జాకెట్ వేసుకున్న ఆరేళ్ల పాప సర్రున జారుకుంటూ వెళ్లిపోయింది. ఆ వెనకే బయల్దేరిన నాన్న నాలుగు అడుగుల్లోనే వెల్లకిలా పడ్డాడు. వెనక్కి తిరిగి చూసిన పాప ఒకటే నవ్వు! చలికాలంలో గుల్మార్గ్ వెళితే ఇలాంటి దృశ్యాలకు కొదవుండదు. మన దేశంలో స్కీయింగ్ అనగానే మొదట గుర్తొచ్చే చోటు ఇదే. పసిపిల్లలు జారే వాలూ, ఆరితేరినవాళ్లకే గుండె జల్లుమనే శిఖరమూ ఒక్కచోటే ఉండటం దీని ప్రత్యేకత.

గౌరీమార్గ్... గుల్మార్గ్

శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పచ్చికబయలు పాతపేరు గౌరీమార్గ్. 16వ శతాబ్దంలో కశ్మీర్‌ను ఏలిన యూసుఫ్ షా చక్ దీనికి గుల్మార్గ్ అని పేరు పెట్టాడంటారు. పూల మైదానమని అర్థం. వేసవి విడిదికి వచ్చిన బ్రిటిష్ వాళ్లు 1927లో ఇక్కడ స్కీ క్లబ్ పెట్టారు. అసలు దశ తిరిగింది మాత్రం గండోలాతోనే. 1998లో తొలి దశ కేబుల్ కారు నడిమి మజిలీ అయిన కోంగ్‌డోరి దాకా వచ్చింది. 2005లో రెండో దశ అఫర్వత్ కొండమీదికి, అంటే దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరింది.

బ్రేకు వేయడమే తొలి పాఠం

కొత్తవాళ్లు కొండెక్కనక్కర్లేదు. ఊళ్లోని చిన్న వాలే వాళ్ల బడి. బరువైన బూట్లు తొడిగి, స్కీలకు 'టక్' మని బిగించగానే కాళ్లు మన మాట వినడం మానేస్తాయి. అందుకే శిక్షకులు ముందు నేర్పేది ఆగడం! స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి, మడమలు ఎడంగా తోయాలి. స్కీల లోపలి అంచులు మంచును ఒరుసుకుని వేగం తగ్గుతుంది. పడక తప్పదనుకుంటే పక్కకు పడాలి. పిల్లలు దీన్ని ఇట్టే పట్టేస్తారు. బిగుసుకుపోయేది పెద్దవాళ్లే. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి పాల్గొన్న ఒకే ఒక్కడు ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతం వాడే. గుల్మార్గ్‌లో స్కీ సామగ్రి దుకాణం నడిపే తండ్రి దగ్గర నాలుగేళ్లప్పుడే మొదలుపెట్టాడు.

స్కీయింగ్ వద్దనుకునే అమ్మమ్మలూ తాతయ్యలూ స్లెడ్జి బండి ఎక్కొచ్చు. ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్డీ పెట్టుకుని తిరిగే స్థానికులను చూస్తే ముచ్చటేస్తుంది. మట్టిపిడతలో నిప్పులు పోసి, చుట్టూ బుట్ట అల్లిన కుంపటి అది. వణికే చేతులకు వేడివేడి కహ్వా టీ కప్పు ఉండనే ఉంది.

కొండకూ కోపముంది

అఫర్వత్ పైన చాలా భాగం చదునుచేసిన బాట కాదు, సహజమైన కొండవాలు. 2023, 2024 ఫిబ్రవరుల్లో ఇక్కడ విరిగిపడ్డ మంచుచరియల్లో చిక్కుకుని విదేశీ స్కీయర్లు చనిపోయారు. గస్తీ సిబ్బంది మూసేసిన వైపు వెళ్లకూడదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడిగాకే రెండో దశకు వెళ్లాలి. మంచు కూడా ఒకప్పటిలా మాట మీద ఉండట్లేదు. 2024 జనవరిలో చాలా రోజులు మైదానం బోసిపోయింది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. కాబట్టి టికెట్లు కొనేముందు వాతావరణం చూసుకోవాలి. గండోలా టికెట్లూ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మంచు బాగా కురిస్తే కొండ కిందున్న టంగ్‌మార్గ్ నుంచి చక్రాలకు గొలుసులు కట్టిన బండి తప్పనిసరి.

పొద్దున వెళ్లి, గండోలా ఎక్కి, ఫొటోలు దిగి, సాయంత్రానికి శ్రీనగర్ చేరిపోయేవాళ్లే మనలో ఎక్కువ. ఈసారి పిల్లలతో వెళితే కనీసం మూడు రోజులు ఉండండి. మొదటి రోజు పడటంతోనే సరిపోతుంది మరి!