చందా పుస్తకంలో పిల్లల మనసుకో పద్దు

ఇంటర్ ఫలితాలు వస్తున్నాయంటే ఇంటిల్లిపాదికీ గుండె దడే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క చెబుతోంది.

ఇంత జరుగుతున్నా మన ఇళ్లలో ఏం చేస్తున్నాం? పిల్లవాడు అన్నం మానేసి, తలుపు వేసుకుని కూర్చుంటే ‘నజర్ తగిలింది’ అంటాం. తావీజు కట్టిస్తాం. దుఆ చేయించడం తప్పని మేము అనం. కానీ జ్వరమొస్తే దుఆతో పాటు డాక్టరు దగ్గరికీ తీసుకెళ్తాం కదా! మనసు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనకాడుతున్నాం? ‘నలుగురికీ తెలిస్తే రేపు పిల్ల పెళ్లి ఎలా?’ అన్నదే అసలు భయం. దానికి తోడు పోలీసు కేసు భయం ఒకటి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, వారిని శిక్షించరాదనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పిన సంగతి చాలామందికి తెలియదు.

భయం పోయినా మరో చిక్కు ఉంది. పిల్లల మాట ఓపికగా వినే శిక్షణ పొందిన మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. ఆ డబ్బు ఎవరిస్తారు? ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 2012లో ‘ఐకాల్’ అనే ఫోన్ సహాయ కేంద్రాన్ని ప్రారంభించింది. మారికో కంపెనీ వ్యవస్థాపకుడు హర్ష్ మారివాలా 2015లో మానసిక ఆరోగ్యం కోసమే ఓ దాతృత్వ సంస్థను నెలకొల్పారు. అది అండగా నిలిచిన సేవల్లో ఐకాల్ కూడా ఒకటి. కొబ్బరి నూనె అమ్మిన సొమ్ము ఎక్కడో హాస్టల్ గదిలో ఏడుస్తున్న పిల్లవాడి ఫోన్‌కు జవాబైంది!

ఇది దాతల ఇష్టానికే వదిలేసిన విషయం కూడా కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఏడాదికి రూ.5 కోట్ల నికర లాభం, లేదా రూ.1000 కోట్ల టర్నోవరు, లేదా రూ.500 కోట్ల నికర విలువ ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజ సేవకు వెచ్చించాలి. ఆరోగ్య సంరక్షణ ఆ జాబితాలో ఉంది. అయితే ఈ నిధులు కోరే ట్రస్టులు ముందుగా సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. మన విద్యా కమిటీలు ఎన్ని ఆ పని పూర్తి చేశాయో ఒకసారి చూసుకోవాలి.

మరో మాట. ఒక్కరోజు శిబిరం పెట్టి, బ్యానరు కట్టి, ఫొటో దిగి వెళ్లిపోయే సాయం మాకు పెద్దగా నచ్చదు. పిల్లలు మొదటి రోజే నోరు విప్పరు, మూడోసారో నాలుగోసారో విప్పుతారు. అందుకే బ్యానరు ఖర్చు కన్నా కౌన్సెలర్ జీతమే ముఖ్యం. ఏ పిల్లవాడు వచ్చాడు, ఏం చెప్పాడు అన్నది డబ్బిచ్చిన వారికైనా తెలియరాదు, అది అమానత్. ఇక ఊరంతా ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టించే కాలేజీయే కౌన్సెలింగ్ గది కూడా తెరిచానంటే, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉందో తల్లిదండ్రులు అడగాల్సిందే.

బజారులో చెప్పుల దుకాణం నడిపే భాయ్‌కి 135వ సెక్షన్ వర్తించదు. కానీ రంజాన్‌లో ఇఫ్తార్‌కు, రేషన్ కిట్లకు, ఫీజులకు చందాలిచ్చేది ఆయనలాంటి వాళ్లే. పదిమంది దుకాణదారులు కలిస్తే బస్తీ బడిలో వారానికి రెండు పూటలు ఓ కౌన్సెలర్‌ను కూర్చోబెట్టవచ్చు. ఆడపిల్లల కోసం మహిళా కౌన్సెలర్ ఉంటే మరీ మంచిది. ఇందుకు జకాత్ సొమ్ము వాడవచ్చా అని కొందరు అడుగుతున్నారు. జకాత్ ఎవరికి చెందాలో దివ్యఖుర్ఆన్ ఎనిమిది వర్గాలను పేర్కొంది కనుక అది ఉలమాలను అడిగి తేల్చుకోవలసిన విషయం. సదకాకు ఆ పరిమితి లేదు.

అంతవరకు ఆగలేని ఇళ్లు కూడా ఉంటాయి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు అడగరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలే చేయాలని లేదు, పిల్లల గురించి దిగులు పడుతున్న అమ్మీ అబ్బాలూ చేయవచ్చు.