టెలివిజన్ తెరలో వెలుగెక్కడిది?

మీ ఇంట్లో కొత్త టెలివిజన్ కొనాలనుకుంటున్నారనుకోండి. నాన్నగారితో పాటు మీరూ దుకాణానికి వెళ్ళారు. గోడ పొడవునా పాతిక ముప్ఫై తెరలు ఒక్కసారిగా జిగేలుమంటున్నాయి. ఒకదాని మీద ఎల్‌ఇడి అని ఉంది. మరొకదాని మీద క్యూఎల్‌ఇడి, ఇంకొకదాని మీద ఓలెడ్. ఒకే కొలత గల రెండు తెరల మధ్య ధరలో మూడు రెట్ల తేడా! "ఇది కొత్త టెక్నాలజీ సార్" అంటాడు అమ్మే ఆయన. ఆ తేడా దేనికి ఇస్తున్నామో తెలుసుకోకుండా ఇవ్వడమెందుకు? తెలుసుకోవడానికి మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని కాంతి పాఠం చాలు.

బొమ్మ కనబడుతోందంటే తెర నుంచి కాంతి మన కంటికి చేరుతోందన్నమాట. ఆ కాంతి ఎక్కడ పుడుతోంది? దుకాణంలో మీరు వేయవలసిన మొదటి ప్రశ్న ఇదే.

పాత డబ్బా టెలివిజన్ విషయంలో జవాబు తేలిక. 1897లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన కాథోడ్ కిరణ నాళం దానికి మూలం. ఎలక్ట్రానుల పుంజం వచ్చి తెర లోపలి పూతను తాకితే, తాకిన చోట వెలుగు పుడుతుంది. 1975-76లో మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందించినప్పుడు జనం గుమిగూడి చూసింది అటువంటి తెరలనే. ఎలక్ట్రానులు ప్రయాణించడానికి చోటు కావాలి గనుక పెట్టె అంత లోతుగా ఉండేది.

నేటి తెరలలో ఎక్కువ భాగం తమంత తాము వెలగవు. వాటి కథ ఒక కూరగాయతో మొదలైంది! 1888లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు కారెట్ దుంపల నుంచి తీసిన కొలెస్టరాల్‌తో ఒక పదార్థం తయారుచేశాడు. దానిని వేడిచేస్తే 145.5 డిగ్రీల వద్ద కరిగి, మజ్జిగలా మసకగా ఉండే ద్రవమయింది. 178.5 డిగ్రీల వద్ద ఆ మసక కాస్తా పోయి తేటపడింది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలేమిటి? జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆటో లేమన్ దానిని పరిశీలించి, మధ్య దశలో అది ద్రవంలా పారుతున్నా అణువులు స్ఫటికంలో లాగా ఒక వరుసలో ఉన్నాయని చెప్పాడు. ద్రవ స్ఫటికం అన్న పేరు అలా వచ్చింది. ఎనభై ఏళ్ళపాటు ఇది ప్రయోగశాలలో వింతగానే ఉండిపోయింది. 1968లో అమెరికాలో జార్జ్ హైల్‌మయర్ బృందం దానితో బొమ్మలు చూపే పలకను ప్రదర్శించింది.

ఇది ఎలా పనిచేస్తుంది? రెండు ధ్రువకాలను ఒకదానికొకటి లంబంగా పెడితే కాంతి దాటదని చదువుకుంటారు. వాటి మధ్య ద్రవ స్ఫటికాన్ని ఉంచి, దాని అణువులు మెట్ల మర మాదిరిగా 90 డిగ్రీలు మెలితిరిగి ఉండేటట్లు చేస్తారు. మొదటి ధ్రువకం దాటిన కాంతి ఆ మెలికతో పాటు తిరిగి, రెండో ధ్రువకం గుండా బయటికి వస్తుంది. విద్యుత్ క్షేత్రం ప్రయోగిస్తే అణువులు మెలిక విడి నిటారుగా నిలుస్తాయి. కాంతి ఆగిపోతుంది. అంటే తెర మీది ప్రతి చుక్కా ఒక కిటికీ తలుపు. వెలుగు మాత్రం వెనుక ఉన్న దీపానిది. నేటి టెలివిజన్లలో అణువుల అమరికలో మార్పులు చేశారు గాని సూత్రం ఇదే. ఎండ కళ్ళజోడులలో పోలరాయిడ్ రకం దొరికితే, దానిని క్యాలికులేటర్ ముందు పెట్టి మెల్లగా తిప్పి చూడండి. ఒక కోణంలో అంకెలున్న గడి మొత్తం నల్లబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. దుకాణంలో ఎల్‌ఇడి టెలివిజన్ అని అమ్మేది ఈ ద్రవ స్ఫటికపు తెరే! వెనుకనున్న దీపాలు మాత్రమే ఎల్‌ఇడిలు. అంతకుముందు అక్కడ సన్నని ట్యూబులైట్లుండేవి. నీలి ఎల్‌ఇడి కనుగొన్నాకనే తెల్లని ఎల్‌ఇడి కాంతి సాధ్యమయింది. అందుకు ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. క్యూఎల్‌ఇడి కూడా ద్రవ స్ఫటికపు తెరే. నీలి దీపాల ముందు క్వాంటం చుక్కలున్న పొర ఒకటి అదనం. నానోమీటర్లలో కొలిచే ఈ రేణువులు నీలి కాంతిని పీల్చి వేరే రంగు వెదజల్లుతాయి. పదార్థం ఒకటే అయినా చిన్న రేణువు ఆకుపచ్చను, పెద్దది ఎరుపును ఇస్తుంది. దీని మీది కృషికి 2023లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. రంగులు నిజంగానే తేటగా ఉంటాయి. అయినా తలుపులు, వెనుక దీపం మాత్రం పాతవే.

ఈ ఏర్పాటులో లోపం ఒకటుంది. తలుపు ఎంత బిగించినా సందులలోంచి కాస్త వెలుగు కారుతుంది. కాబట్టి నలుపు నిజమైన నలుపుగా కాక బూడిద రంగుగా కనబడుతుంది. ఓలెడ్ తెర ఇక్కడే గెలుస్తుంది. 1987లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు, కర్బన పదార్థాల పలుచని పొరలలో తక్కువ వోల్టేజితోనే చక్కని వెలుగు పుట్టించారు. ఓలెడ్ తెరలో ప్రతి చుక్కా తనంత తాను వెలిగే దీపం. నలుపు కావాలంటే ఆ దీపం ఆరిపోతుంది, అంతే.

మరి ఓలెడ్ కొనాలా? తొందరపడకండి, ఒక లెక్క చేద్దాం. తెర మీది తెలుపు ప్రకాశం 300 నిట్లనుకోండి. చదరపు మీటరుకు ఒక కాండెలాను నిట్ అంటారు. మామూలు ద్రవ స్ఫటికపు తెర మూసిన తలుపులలోంచి అందులో వెయ్యో వంతు, అంటే 0.3 నిట్ కారుతుందనుకుందాం. చీకటి గదిలో ఓలెడ్ నలుపు దాదాపు సున్నా. తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇప్పుడు లైటు వేయండి. గదిలో 200 లక్స్ వెలుతురుండి, తెర అందులో నూటికి ఒక వంతును అన్ని వైపులకూ వెదజల్లితే సుమారు 0.64 నిట్ మన కంటికి వస్తుంది. ఇది రెండు తెరలకూ సమానమే. అప్పుడు ఓలెడ్‌లో తెలుపు నలుపుల నిష్పత్తి సుమారు 470, మామూలు తెరలో 320. చీకటిలో కొండంత ఉన్న తేడా వెలుతురులో ఒకటిన్నర రెట్లకు దిగిపోయింది! వీధి తలుపు తీసి ఉండే మన హాలులో పగటిపూట వెలుతురు 200 లక్స్ కంటే ఎక్కువే ఉంటుంది.

ఇంకొక సంగతి. ఓలెడ్‌లోని కర్బన పదార్థం వాడిన కొద్దీ అరుగుతుంది, నీలిరంగుది మరీ త్వరగా. అన్ని చుక్కలూ సమానంగా అరిగితే పెద్దగా తెలియదు. కాని రోజంతా వార్తల ఛానెలు మోగే ఇల్లు మీకు తెలుసు గదా! మూలన కదలని ఛానెల్ గుర్తు, అడుగున ఎర్రని పట్టీ. అక్కడి చుక్కలు మిగతా వాటికంటే ఎక్కువ అరిగి, సినిమా చూసేటప్పుడు కూడా ఆ గుర్తు నీడలా నిలిచిపోవచ్చు. తయారీదారులు ఏవో ఉపాయాలు పెట్టారు గాని బెడద పూర్తిగా పోలేదు. రాత్రిపూట లైట్లార్పి సినిమాలు చూసేవారికి ఓలెడ్ మంచిదే. తాతగారు పొద్దుట నుంచీ వార్తలు చూసే ఇంటికి మంచి ద్రవ స్ఫటికపు తెర చాలునని నా అభిప్రాయం. మినీ ఎల్‌ఇడి అనేది నడిమి దారి. వెనుకనున్న చిన్న చిన్న దీపాలను గుంపులుగా విడదీసి, చీకటి ఉన్న చోట తగ్గిస్తారు. నల్లని ఆకాశంలో చంద్రుణ్ణి చూపినప్పుడు చుట్టూ తెల్లని మసక కనబడితే గుంపులు తక్కువని అర్థం.

ఇక 4కె సంగతి. హెచ్‌డి తెరలో 1920×1080, అంటే సుమారు 20.7 లక్షల చుక్కలు. 4కె తెరలో 3840×2160, అంటే సుమారు 82.9 లక్షలు. నాలుగు రెట్లు! కాని అవి కంటికి తెలియాలి గదా. ఆరోగ్యమైన కన్ను ఒక నిమిషం కోణం, అంటే డిగ్రీలో 60వ వంతు దాకా విడదీసి చూడగలదు. 10 అడుగుల దూరంలో ఇది సుమారు 0.9 మిల్లీమీటరు. 43 అంగుళాల హెచ్‌డి తెరలో చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటరే. ఆ చుక్కలే విడిగా కనబడనప్పుడు అందులో సగం వెడల్పున్న చుక్కలు పెట్టి లాభమేమిటి? తేడా తెలియాలంటే అయిదున్నర అడుగులకంటే దగ్గరగా కూర్చోవాలి. అదే ధరకు 4కె వస్తే తీసుకోండి. అందుకోసం అదనంగా ఇవ్వకండి. పైగా హెచ్‌డి కాని మామూలు ఛానెలు పంపే బొమ్మలో 720×576 చుక్కలే ఉంటాయి. భాగించి చూడండి, 4కె తెరలో సరిగ్గా 20వ వంతు! మిగిలిన 19 చుక్కలను టెలివిజన్ ఊహించి నింపుతుంది. నాసిరకం తెర ఈ పనిలోనే బయటపడుతుంది. కాబట్టి దుకాణంవారు చూపే తళతళలాడే వీడియో కాక, మీ ఇంట్లో చూసే మామూలు ఛానెలే పెట్టమనండి.

తరువాత తెర ముందు నుంచి లేచి పక్కకు వెళ్ళి చూడండి. మన ఇళ్ళలో కొందరు చాప మీద, కొందరు మంచం మీద, ఒకరు వంటింటి గుమ్మంలో కూర్చుని చూస్తారు. ద్రవ స్ఫటికపు తెరలలో ఐపిఎస్ రకం పక్కనుంచి చూసినా రంగు నిలుపుకుంటుంది. విఎ రకంలో నలుపు బాగుంటుంది గాని పక్కకు వెళితే రంగులు వెలిసిపోతాయి.

నక్షత్రాల చీటీని కూడా చదవండి. 80 వాట్ల తెరను రోజుకు 5 గంటలు చూస్తే ఏడాదికి 146 యూనిట్లు. 130 వాట్లదైతే 237. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏటా దాదాపు 550 రూపాయల తేడా.

దుకాణంలో తెరలను మిరుమిట్లు గొలిపేటట్లు, నీలం ఎక్కువగా పెట్టి ఉంచుతారు. వరుసలో అన్నిటికంటే మెరిసేదే బాగుందనిపించడం మన కంటి బలహీనత. ఇంటికి తెచ్చాక అమరికలలోకి వెళ్ళి సినిమా అని ఉన్నదానికి మార్చండి. రెండు రోజులు బొమ్మ పసుపుపచ్చగా అనిపిస్తుంది. ఆ తరువాత కన్ను అలవాటుపడి, మనుషుల ముఖాలు మనుషుల ముఖాల్లాగే కనబడతాయి.