4కే అని రాసుంటే సరిపోదు.. బ్లూరేలో బొమ్మ అంత క్లియర్‌గా ఎందుకుంటుంది?

ఫోన్‌లో 1080పి పెట్టుకుని చూసినా ఒక్కోసారి ఫైట్ సీన్‌లో దుమ్ము లేచేసరికి బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంటుంది. అదే సినిమాను, అదే 1080పిలో బ్లూరే డిస్క్ వేసి చూస్తే దుమ్ము దుమ్ములాగే కనిపిస్తుంది. పిక్సెళ్ల సంఖ్య రెండింట్లోనూ ఒకటే. మరి తేడా ఎక్కడ? వీడియోను కుదించే 'కోడెక్'లో, దానికి దొరికే డేటాలో!

ముందు ఓ చిన్న లెక్క. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ రంగుకు 3 బైట్లు వేసుకుంటే ఒక ఫ్రేమ్‌కే 6 ఎంబీ దాటుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు.. అంటే దాదాపు 150 ఎంబీ. రెండు పొరల బ్లూరే డిస్క్ కెపాసిటీ 50 జీబీ. ఏమీ కుదించకుండా ఎక్కిస్తే ఐదున్నర నిమిషాలకే డిస్క్ ఫుల్. హీరో ఎంట్రీ కూడా పడదు! రెండున్నర గంటల సినిమా మొత్తానికి 1,300 జీబీకి పైనే కావాలి.

కోడెక్ అవసరం ఇక్కడే. న్యూస్ బులెటిన్‌నే తీసుకోండి. యాంకర్ పెదాలు, చేతులు కదులుతాయి కానీ వెనకున్న సెట్ కదలదు. అందుకే కోడెక్ ఒక ఫ్రేమ్‌ను పూర్తిగా దాచుకుని, ఆ తర్వాతి ఫ్రేముల్లో ఏ ముక్క ఎటు జరిగింది, ఏం మారింది అన్నది మాత్రమే రాసుకుంటుంది. కంటికి అంతగా ఆనని సన్నటి వివరాలను వదిలేస్తుంది. ఈ వదిలేయడం మరీ ఎక్కువైతేనే గళ్లు పడేది. వాన, పొగ, పాటల్లో చల్లే రంగులు.. వీటిలో ఏ ఫ్రేమూ ముందుదానిలా ఉండదు. కోడెక్‌కు అసలు పరీక్ష అదే.

బ్లూరే ప్లేయర్ తప్పనిసరిగా మూడు కోడెక్‌లను చదవాలి. డీవీడీల కాలం నాటి ఎంపెగ్-2, మైక్రోసాఫ్ట్ టెక్నాలజీ నుంచి పుట్టిన వీసీ-1, 2003లో వచ్చిన ఏవీసీ. ఈ ఏవీసీకే హెచ్.264 అని ఇంకో పేరు.

2006 జూన్‌లో అమెరికాలో తొలి బ్లూరే సినిమాలు వచ్చినప్పుడు సోనీ పాత ఎంపెగ్-2నే నమ్ముకుంది. డిస్క్ కూడా ఒకే పొర, 25 జీబీ. ఆ తొలి బ్యాచ్‌లోని 'ది ఫిఫ్త్ ఎలిమెంట్' క్వాలిటీపై విమర్శలు గట్టిగానే వచ్చాయి. తప్పంతా కోడెక్‌దే అనలేం, వాడిన మాస్టర్ ప్రింటూ అంత బాగాలేదు. చివరికి 2007లో కొత్తగా మాస్టర్ చేసి మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది. పోటీలో ఉన్న హెచ్‌డీ డీవీడీ కెపాసిటీ 30 జీబీయే అయినా, ఎక్కువగా వీసీ-1 వాడటంతో బొమ్మ బాగుందనిపించుకుంది. 2008 ఫిబ్రవరిలో తోషిబా దాన్ని ఆపేసింది కానీ, అది ఓడింది బొమ్మ బాగాలేక కాదు.. స్టూడియోలు బ్లూరే వైపు వెళ్లిపోవడంతో.

బ్లూరే కూడా మెల్లగా ఏవీసీకి మారిపోయింది. కారణం సింపుల్. ఎంపెగ్-2 కదలికను 16×16 పిక్సెళ్ల గళ్లలో వెతికితే, ఏవీసీ 4×4 దాకా దిగి వెతుకుతుంది. వెనకటి ఫ్రేములను ఒకటి కాదు, చాలానే తిరగేస్తుంది. గళ్ల అంచులు కనపడకుండా నునుపు చేసే ఫిల్టర్ కూడా అందులోనే ఉంది. దాదాపు సగం డేటాతో అదే క్వాలిటీ అన్నమాట.

విశేషం ఏంటంటే, ఇదే హెచ్.264 మీ ఫోన్‌లోనూ ఉంది. అయితే డిస్క్‌లో వీడియోకు సెకనుకు 40 మెగాబిట్ల వరకూ ఇవ్వొచ్చు. నెట్‌ఫ్లిక్స్ 1080పికి కావాలని చెప్పే ఇంటర్నెట్ వేగం 5 మెగాబిట్లే. ఇక 4కే సంగతి.. 2016లో వచ్చిన 4కే బ్లూరే, హెచ్‌ఈవీసీ కోడెక్‌తో 100 జీబీ డిస్క్‌లో సౌండ్‌తో కలిపి 128 మెగాబిట్ల దాకా వెళ్తుంది. స్ట్రీమింగ్‌కు అడిగేది 15. కొత్త కోడెక్‌ల పుణ్యమా అని ఆ కాస్త డేటాతోనూ ఓటీటీలు బానే నెట్టుకొస్తున్నాయి. కానీ ఎనిమిది రెట్ల తేడాను పూర్తిగా దాచడం ఏ కోడెక్ వల్లా కాదు.

ఆరంగుళాల ఫోన్ స్క్రీన్ మీద ఇది పెద్దగా తెలియదు. అదే వీడియోను 55 అంగుళాల టీవీకి కాస్ట్ చేసి, ఏదైనా చీకటి సీన్ దగ్గర ఆపి చూడండి. నునుపుగా ఉండాల్సిన గోడ మీద నీడ మెట్లు మెట్లుగా, చారలు చారలుగా కనిపిస్తుంది.